చివరిగా కనిపించిన చోటు

ఇక్కడ బండి ఆపకూడదు, తియ్యి తియ్యి అన్నట్టు ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఊపాడు.

బావ బండిని ఇంకాస్త గోడవారకి నెట్టాడు గానీ అక్కణ్ణించి కదల్లేదు. ఫోన్‌లో బామ్మర్ది ఫొటో తీసి చూపించాడు. పోలీసు సరిగ్గా చూడకుండానే తల అడ్డంగా ఊపి, హారన్ల హోరులోకి వెళ్లిపోయాడు.

రెండు బండ్ల మీద పరాయి దేశం చుట్టి రావాలని బయల్దేరారు బావా బామ్మర్దులు. ఎప్పుడూ వెనకే వస్తాడని బామ్మర్దికి తోక అని పేరు పెట్టింది బావే. ఈ దేశంలో అంతా తిరకాసు. బండ్లన్నీ రోడ్డుకి కుడివైపున పోతాయి, జనం మాత్రం ఎటు సందు దొరికితే అటు దూరతారు. ముందువాడికి వెనకవాడు కనపడటమే గగనం. అందుకే సరిహద్దు దాటగానే ఒక ఒప్పందం చేసుకున్నారు. తప్పిపోతే చెరో దిక్కూ తిరగకూడదు. ఆఖరుసారి ఒకరికొకరు కనిపించిన చోటికే వచ్చి ఆగాలి.

ఆ చోటు ఈ కూడలే. ఇక్కడే అద్దంలో తోక పసుపు హెల్మెట్ కనిపించింది. ఎర్రదీపం పడేలోగా దాటేద్దామని బావ బండి ఉరికించాడు. అవతలికి వెళ్లి చూసుకుంటే అద్దం నిండా కొత్త ముఖాలే. ఆ ఒక్క దీపం దగ్గర ఆగి ఉంటే ఏం పోయేదని అతని మనసు పీకుతూనే ఉంది.

ఫోన్ మోగింది. భార్య.

"తమ్ముడు కనిపించాడా?"

"ఇంకా లేదు."

"ఆసుపత్రుల్లో అడిగారా?"

"అన్నిట్లో అడిగా. పోలీస్ స్టేషన్లోనూ అడిగా."

"అమ్మ నా ముఖంలోకే చూస్తోందండీ. ఏం చెప్పమంటారు?"

"నేనిక్కడే ఉన్నానని చెప్పు."

"మీరైనా వచ్చెయ్యండి. నాకు భయంగా ఉంది."

"నేనొచ్చేశాక వాడొస్తే? బావ మాట తప్పాడనుకోడూ?"

అవతల ఏడుపు వినిపించింది. "తోకగాణ్ణి తీసుకునే వస్తా" అని పెట్టేశాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. పసుపు హెల్మెట్ కనబడినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. దగ్గరికొచ్చాక ఎవరో పార్సిళ్లు మోసుకెళ్లే మనిషి అని తేలితే మళ్లీ చతికిలబడ్డాడు.

మూల మీది కొట్టావిడ టీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అడక్కుండానే పంచదార తగ్గించింది. ఆవిడ మాట్లాడేది వాళ్ల భాషే అయినా బావకి అర్థమైంది.

"తాగు నాయనా. ఈ రద్దీలో ఆలస్యం మామూలే. సాయంత్రానికల్లా వచ్చేస్తాడులే."

నిరుడు కూడా ఆవిడ ఈ మాటే అంది.