తెల్లవాటి గూళ్ళు

"ఇక లారీ ఎక్కనక్కర్లేదురా నికాసియో! పట్నం వాళ్ళు ఒప్పుకున్నారు!" వాకిట్లోంచే కేకేశాడు అడవి సంఘం పెద్ద దోన్ అబుందియో.

తోమాసా రొట్టెను పెనం మీదే వదిలేసి మంచం పక్కనున్న సంచి దగ్గరికి పరుగెత్తింది. పెళ్ళయిన మొదటి చలికాలమే మొగుడు దూరాన ఉన్న సినలోవా టమాటా తోటలకు కూలికి పోతున్నాడని కళ్ళనీళ్ళతో సర్దిన సంచి అది. విప్పి చొక్కాలన్నీ మంచం మీద కుమ్మరించేసింది.

"మన నారింజ రంగు సీతాకోకల్ని చూడ్డానికి ఏటా వస్తారట. వాళ్ళకి అడవి చూపించేది వీడే. నెలనెలా జీతం."

"అంతా నా చలవే పెద్దయ్యా!" తోమాసా మురిసిపోయింది. "ఆ తెల్ల సీతాకోకలు పాపం ఈ నారింజవాటిని వదిలేవా? ఎటెగిరితే అటే, సంతలో పోకిరీల్లా! పెళ్ళికానుకగా నాకేం వద్దు, ఆ తెల్లవాటి గూళ్ళు తగలబెట్టు చాలని ఈయనతో అన్నాను."

"గూట్లోంచి తెల్లవి రావడం నా కళ్ళతో చూశాగా. ఒక్క పైన్ చెట్టూ వదల్లేదు," నికాసియో మీసం దువ్వాడు. "సగం కనుబొమ్మ కూడా కాలింది."

"అందుకేనా ఆ అందం!" నవ్వాడు అబుందియో. "మరి ఈ ఏడు నారింజవి ఇంకా దిగలేదేమే?"

"వస్తాయి. వెంటపడేవాళ్ళు లేరుగా, తీరిగ్గా వస్తాయి."

"సరే, ఇవేనా మీ సీతాకోకలని బొమ్మ పంపారు. చూసి చెప్పండి."

ఫోన్లో, పైన్ ఆకు మీద నారింజదీ తెల్లదీ తోకలు కలుపుకుని కూర్చున్నాయి.

"చూశారా! ఇక్కడా తయారు ఆ పోకిరి!"

బొమ్మ కింది మాటల్ని అబుందియో కళ్ళు చికిలించి చదివాడు. "ఆడది నారింజ, మగది తెలుపు. వీటి పిల్లపురుగులు గుంపుగా పైన్ చెట్ల మీద పట్టుగూళ్ళు..."

ఆపేశాడు. లోపల రొట్టె మాడిన వాసన. గూళ్ళు కాల్చినప్పుడు కింద నిలబడి కాగడాలు అందించింది తనేనని తోమాసాకు గుర్తొచ్చింది. అప్పుడు చప్పట్లు కూడా కొట్టింది.

నికాసియో చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో పెట్టడం మొదలుపెట్టాడు.

వాటి పైన తన పావడా కూడా పెట్టి, తోమాసా అంది: "పెద్దయ్యా, రేపటి లారీలో ఇద్దరికి చోటుంచమనండి."