గడ్డి దూడ

ఒక దొడ్డిలో గేదె, కుక్క, కోడిపెట్ట కలిసి బతికేవి. చుక్కి అనే ఆ గేదెకు పుట్టిన దూడ పదో రోజున చచ్చిపోయింది. యజమాని దూడ తోలులో గడ్డి కూరి, నాలుగు కర్రల మీద నిలబెట్టాడు. చుక్కి దాన్ని నాకుతూ పాలు చేపేది, యజమాని పితుక్కునేవాడు.

కర్రి అనే కుక్కకు అబద్ధమంటే ఒళ్లు మంట. చుక్కి అంటే ప్రాణం.

"అక్కా, అది ఉత్త గడ్డి. పాల కోసం నిన్ను మోసం చేస్తున్నారు," అంది.

చుక్కి నాకడం ఆపలేదు.

"ఆవిడ జోలికి పోకురా, పెద్ద సత్యవంతుడివి బయల్దేరావు," అంది పెట్ట.

కర్రి వినలేదు. ఒక ఉదయం తోలును పళ్లతో చీల్చి, గడ్డంతా బయటికి లాగింది.

"చూశావా, అక్కా?"

చుక్కి తల వంచి ఆ గడ్డిని వాసన చూసింది.

"మొదటి రోజే తెలుసు తమ్ముడూ. పాల వాసన రాని దూడ నాది కాదని నాకు తెలియదా? నాకుతుంటే నా బిడ్డ నుదుటి మీద సుడి ఎక్కడుండేదో గుర్తొచ్చేది. అంతే."

ఆ తర్వాత ఆమె పాలు చేపలేదు. కర్రి మాత్రం రోజూ గడ్డిపరకలు నోట కరుచుకొచ్చి ఆమె ముందు పేర్చేది. ఎంత పేర్చినా అది గడ్డిగానే ఉండేది.