హెడ్‌లైట్లకు నెల గడువు

ఆ కారు కొట్టేయడానికి మెరుపుకు నాలుగు నిమిషాలు పట్టింది. దాని కళ్ళు బాగుచేసేసరికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

మెరుపు అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పార్క్ చేసిన బండ్లను అతను మాయం చేసే వేగం చూసి సాటి దొంగలు పెట్టింది. పట్టపగలు మార్కెట్ వెనక ఆపి ఉన్న ఓ తెల్ల కారును తన షెడ్డుకు తోలుకొచ్చి, మూడు రోజుల్లో ఇటుకరంగు వేయించి, కొత్త నంబరు తగిలించాడు. అంతా అయ్యాక ముందుకొచ్చి చూస్తే హెడ్‌లైట్లు రెండూ కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉన్నాయి. ఒళ్ళంతా ఎంత ముస్తాబు చేస్తే ఏం లాభం, చూపు రోగిష్టిది!

టూత్‌పేస్టు పెట్టి అరగంట రుద్దాడు. తళతళలాడాయి. ఆ తళతళలోనే ఫోటో తీసి అమ్మకానికి పెట్టాడు.

రెండో రోజే ఒకావిడ వచ్చింది. రిటైరైన లెక్కల టీచరట. కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. బానెట్ ఎత్తించింది, సీట్లు నొక్కింది, వెనక తలుపు వేసి తీసి, తీసి వేసి చూసింది. ధర చెబితే “సరే” అంది. బేరమే ఆడలేదు! మెరుపు నోట్లో నీళ్ళూరాయి.

“కానీ అబ్బాయ్, ఈ లైట్లు ఎన్నాళ్ళు ఇలా ఉంటాయి?”

“జీవితాంతం పిన్నిగారూ!”

“ఎవరి జీవితాంతం? పదిరోజులు ఎండలో పెట్టు, వచ్చి చూస్తా. ఈలోపు కిర్రుమనే ఆ తలుపూ, వేడిగాలి కొట్టే ఆ ఏసీ బాగుచేయించు. ఇంకెవరికీ ఇవ్వకు. ఈ కారు నాకే కావాలి.”

పదో రోజుకు లైట్లు మళ్ళీ మొదటికొచ్చాయి. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని వంగి చూసింది.

“టూత్‌పేస్టా?”

మెరుపు పళ్ళికిలించాడు.

“దాన్ని ఆ పళ్ళకే వాడు నాయనా. దీన్ని పద్ధతిగా చేయించు. నెల రోజుల తర్వాత కూడా తేటగా ఉంటే ఆ రోజే తీసుకెళ్తా. అన్నట్టు, టైర్లు కూడా అరిగిపోయాయి.”

కారుకు రంగు వేసిన పెయింటరు ఈ గోల విని, “ఇంకో బేరం చూసుకో బావా” అన్నాడు.

“బేరమాడని మనిషిని వదులుకోమంటావా? నీకేమన్నా మతిపోయిందా?” అని కసిరాడు మెరుపు.

పెయింటరు నిట్టూర్చి, లైట్లను తడిపి సన్న ఎమరీ కాగితంతో మెల్లగా గీకాడు. పాలిష్ పట్టి, పైన ఎండకు తట్టుకునే పూత వేశాడు.

“గీకి తెల్లగా చేయడం ఎవడైనా చేస్తాడు బావా. నిలబెట్టుకోవడంలోనే ఉంది అసలు సంగతి. ఈ పూత లేకపోతే ప్లాస్టిక్ ఒంటిమీద చొక్కా లేనట్టే. కిరోసిన్ తగలనీకు, గిన్నెల సబ్బు పెట్టకు. కారు షాంపూ, మెత్తటి బట్ట, అప్పుడప్పుడూ కాస్త మైనం. వీలైనంత నీడ. అంతే.”

నీడ కుదరదే! ఎండలో పెట్టమని ఆవిడ ఆజ్ఞ. చెప్పాపెట్టకుండా వచ్చి చూసే రకంలా కూడా ఉంది. అందుకని మెరుపు కారును షెడ్డు ముందు వాకిట్లో ఎండలోనే ఉంచి, రెండు హెడ్‌లైట్లకూ చెరో గొడుగు కట్టాడు. వీధిలో అలికిడి అయితే చాలు, పరుగున వెళ్ళి గొడుగులు మూసేవాడు.

పొద్దున లేస్తూనే షాంపూ నీళ్ళు. తర్వాత మెత్తటి బట్ట. వారానికోసారి మైనం. పిట్ట రెట్ట వేస్తే పసిపిల్లాడి మూతి తుడిచినట్టు తుడిచేవాడు. ఓ పిల్లి బానెట్ ఎక్కి కూర్చుంటే దాన్ని వీధి చివరిదాకా తరిమి, ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న తల్లి, “ఒరేయ్, నా కళ్ళజోడు ఒక్కనాడైనా ఇలా తుడిచావట్రా?” అంది.

మెరుపు బట్ట పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. నిజానికి అతనికే వింతగా ఉంది. ఎన్నో కార్లు అతని చేతుల మీదుగా పోయాయి. ఒక్కదాన్నీ ఇన్నాళ్ళు అట్టిపెట్టుకోలేదు, ఒక్కదాన్నీ ఇలా చూసుకోలేదు. ఆవిడ చేతుల్లో పెట్టాక కూడా మైనం రాయడం మానొద్దని చెప్పాలనుకున్నాడు.

నెల తిరిగింది. ఆవిడ మీసాల తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఏసీ వేసి చేయి పెట్టి చూసింది. తలుపు వేసింది, కిక్కురుమనలేదు. కొత్త టైర్లను చెప్పు కొసతో తన్ని చూసింది. ఆఖరున హెడ్‌లైట్ల ముందు వంగింది. వాటిలో తన మొహం కనిపించిందేమో, చెదిరిన జుట్టు సర్దుకుంది.

“శభాష్! నూటికి నూరు” అంది.

బళ్ళో ఎన్నడూ పదిహేను దాటని మెరుపు ఒళ్ళు పులకరించింది. ఇక కంఠతా పట్టి ఉంచుకున్న అబద్ధం అప్పజెప్పడమే మిగిలింది.

“ఒక్క మాట పిన్నిగారూ. కారు పేపర్లు మా మావయ్య దగ్గర ఉండిపోయాయి. ఆయన ఊళ్ళో లేడు. వారం రోజుల్లో నేనే తెచ్చి...”

తమ్ముడు వాకిలి గేటు దగ్గరగా వేసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ డ్రైవరు సీట్లో సర్దుకుని కూర్చుని, మెరుపు వైపు జాలిగా చూసింది.

“పేపర్ల బెంగ నీకెందుకు నాయనా, అవి మొదట్నుంచీ మా బీరువాలో భద్రంగానే ఉన్నాయి, పోయింది కారొక్కటే!”