కుళాయి యుద్ధం

ఆ కాలానికి విశాఖలో కాలనీల మధ్య కుళాయి తగాదాలు కోర్టుకెక్కడం మానేశాయి. ఆన్‌లైన్ ఆటలో యుద్ధ విమానాలెక్కి తేల్చుకునేవారు. ఓడిన కాలనీకి వారం రోజులు నీళ్లుండవు. ఈసారి తమ కాలనీ తరఫున ఆడే వంతు నూకరత్నానిది.

తెర ముందు కూర్చున్న కాసేపటికే అవతలి విమానం ఆమె వెనక అంటుకుంది.

“పైకి లెగు పిన్నీ!” అని ఇరుగుపొరుగు అరిచారు.

కంగారులో ఆమె చేతులకు పాత అలవాటు వచ్చేసింది. రెక్కను కుడికి వంచి, చటుక్కున ఎడమకు తిప్పేసింది. వెనకవాడు కుడికి దూసుకుపోయి, ఆమె తుపాకీకి ఎదురుగా తేలాడు. మీట నొక్కింది.

వంటింట్లో కుళాయి బుసకొట్టింది. తెరలోంచి ఓడినవాడి గొంతు ఆత్రంగా వినిపించింది.

“కుడికి చూపించి ఎడమకి తిప్పేసినావేటమ్మా! మునుపు ఆటో గానీ తోలేదానివా?”

“పాతికేళ్లు నాయనా,” అంటూ నూకరత్నం బిందె పట్టుకుని లేచింది.