పక్కన పెట్టిన ఆకులు

బీపీ బిళ్లల ధర చూసి జనం దండం పెట్టి వెనక్కి వచ్చేయడం మొదలయ్యాక, ఆ మందుని కరివేపాకులో పండించారు. మొక్క మనది, కుండీ మాత్రం కంపెనీది. ఎన్ని ఆకులు కావాలో కుండీకి చెబితే అన్నే కోయనిస్తుంది, ఆకుకింత అని వసూలు చేస్తుంది. మా అత్తయ్య అనసూయమ్మగారికి రోజుకి ఎనిమిది. ఆవిడ చారుకి విడిగా తాలింపు వేస్తాను.

అయినా బీపీ దిగలేదు. ఈ నెలలో రెండుసార్లు కళ్లు తిరిగి కూలబడ్డారు. ఏమిటా అని చూస్తే, చారులోంచి ఆకులు ఏరేస్తున్నారు!

"అత్తయ్యా, అది మందు. తినాలి," అన్నాను, ఒళ్లు మండి.

"అరవై ఏళ్ల అలవాటే తల్లీ, చెయ్యి ఊరుకోదు," అన్నారు.

నిన్న పక్కనే కూర్చుని గమనించాను. అలవాటైతే తింటూ తింటూ ఏరతారు కదా? ఆవిడ చారు అన్నంలో పోసుకోకముందే శుభ్రమైన స్పూనుతో సరిగ్గా నాలుగు ఆకులు తీసి, చిన్న గిన్నెలో వేసి మూత పెట్టారు.

కాసేపటికి మా పనిమనిషి నూకాలు వచ్చింది. తిన్నగా ఆ గిన్నె మూత తీసి, ఆకులు నమిలి మింగి, ఆ తర్వాతే అంట్ల ముందు కూర్చుంది. తనకీ బీపీ ఉంది. వాళ్లింట్లో కుండీ లేదు.

ఈ పొద్దున కుండీకి పన్నెండు అని చెప్పాను.

"నాలుగు ఎక్కువ ఎందుకు?" అని అడిగింది కుండీ.

"మా అత్తయ్య ఏరి పక్కన పెట్టేస్తారు," అన్నాను.