తీగకు పెట్టిన వంపు

"లైన్లో వెలుగు తగ్గుతోందని మీటరు చూపించిన చోటు ఇదేనండీ," అంటూ ఫైబర్ టెక్నీషియన్ మనోజ్ఞ రోడ్డు పక్కనున్న పెట్టె మూత తీసింది. లోపల వెంట్రుకంత సన్నని గాజు తీగను ఎవరో వంచి, చిన్న క్లిప్పు బిగించారు.

చేపల వ్యాపారం చేసే సత్యశ్రీకి అర్థం కాలేదు. "తీగ తెగలేదు కదమ్మా?"

"తెగక్కర్లేదండీ. ఇందులో సమాచారం వెలుగుగా వెళ్తుంది; వంచితే అందులో కాస్త బయటికొచ్చి ఈ క్లిప్పుకి అందుతుంది. కంకిపాడు ఆఫీసు నుంచి గన్నవరం షెడ్డుకి మీరు పంపే రేట్లన్నీ అందులోంచి చదివేసుకోవచ్చు. సొంత లైనే కదాని మీరు రేట్లను కోడ్‌లోకి మార్చే ఏ రక్షణా పెట్టుకోలేదు."

ఆర్నెల్లుగా సత్యశ్రీ ఏ రేటు చెప్పినా పోటీ కంపెనీ అంతకంటే తగ్గించి చెబుతోంది. ముందుగా రేట్లు తెలిసేది తనకూ, గుమాస్తా ఎల్లారావుకూ మాత్రమే. పదిహేనేళ్ళు పనిచేసిన ఆ మనిషిని పోయిన నెల అందరి ముందూ దొంగవని గెంటేసింది.

"పెట్టె తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయండీ?"

ఒకటి తన దగ్గర. రెండోది, పక్కనే నిలబడ్డ తమ్ముడు హేమసుందర్ దగ్గర. ఎల్లారావును అనుమానించమన్నదీ అతనే. ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"పోటీ కంపెనీ వాళ్ళు నాచేత సొంతంగా కంపెనీ పెట్టిస్తామన్నారక్కా," అన్నాడు తలెత్తకుండా.

"అడిగితే నేను పెట్టించనట్రా?"

"నువ్వు పెట్టిస్తే ఎప్పటికీ నీ కిందే ఉంటాగా."

 సత్యశ్రీ దూరంగా నడిచి ఎల్లారావుకు ఫోన్ చేసింది.

"చెప్పండమ్మా," అన్నాడు ఎప్పటిలాగే.

"ఆ రేట్ల సంగతి..." అని ఆమె మొదలుపెట్టింది.

"మళ్ళీ రేట్లు బయటికి పోయాయామ్మా?" అతను మధ్యలోనే అందుకున్నాడు. "నేనైతే ఆఫీసు ఛాయలకే రావట్లేదండీ."