డార్లా చేసిన పిస్టల్

శనివారం ఉదయం పదిన్నరకు డార్లా చేసిన పిస్టల్ రెండోసారి మొరాయించింది. నాలుగో తూటా మ్యాగజైన్‌లోంచి సగం పైకి వచ్చి, గొట్టంలోకి పోకుండా అడ్డం పడింది.

"డార్లా, ఇది పిస్టలా, స్టేప్లరా?" అన్నాడు క్లబ్బు కార్యదర్శి గస్ కుబిచెక్. బెంచీల మీద కాఫీ తాగుతున్నవాళ్లు నవ్వారు.

కాలుస్తున్నది ఆమె తండ్రి ఓర్విల్ టోలెఫ్సన్. అమెరికాలోని మినసోటాలో ఉన్న ఈ షూటింగ్ క్లబ్బులో సొంతంగా పిస్టల్ చేసుకున్నవాళ్లకు ఒక పరీక్ష ఉంది. అందరికంటే పాత సభ్యుడు దానితో ఒక మ్యాగజైన్‌ను ఆగకుండా ఖాళీ చెయ్యాలి. మూడు అవకాశాలు. నెగ్గితే, చేసినవాళ్ల పేరును కాల్చిన ఇనుముతో చెక్కగోడ మీద వేస్తారు. ఆ గోడ మీద ఓర్విల్ పేరుంది. ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

ఓర్విల్ కుడిచెయ్యి చాచి, ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని కాలుస్తాడు. అది పాతకాలం పద్ధతి. రెండు చేతులతో పట్టుకున్నవాళ్లు కనబడితే, "కాల్చడానికొచ్చావా, ప్రార్థనకొచ్చావా?" అంటాడు. ఒకసారి చర్చి పాస్టర్‌నీ అలాగే అడిగాడు.

"మ్యాగజైన్ మార్చు," అన్నాడు ఇప్పుడు.

"ఇందాకే మార్చాను నాన్నా."

"తూటాలు?"

"నువ్వు తెచ్చినవే."

"అయితే తూటా ఎక్కేచోట నునుపు చాల్లేదు."

"అద్దంలా ఉంది. చూసుకో."

ఓర్విల్ పిస్టల్ ఖాళీ చేసి, లోపలికి చూశాడు. దాన్ని కూతురికిచ్చాడు.

"లెక్కలోకి రాకుండా నేనొకసారి కాలుస్తాను," అంది డార్లా. కాల్చింది. చివరి గుండు పేలాక పిస్టల్ పైభాగం వెనక్కి జరిగి తెరుచుకుని నిలిచింది. మ్యాగజైన్ ఖాళీ అయిందనడానికి అదే గుర్తు. గస్ కాల్చినా అంతే.

"వెన్నలా పోతోందే! ఓర్విల్, దీనికి నువ్వంటేనే భయంలా ఉంది."

"ఇటివ్వు," అన్నాడు ఓర్విల్. "నేనూ లెక్కలో లేకుండా ఒకటి వేస్తా."

రెండో గుండు తర్వాత మళ్లీ తూటా అడ్డం పడింది. ఈసారి డార్లా పిస్టల్‌ని చూడలేదు. తండ్రి మణికట్టును చూసింది. గుండు పేలినప్పుడల్లా అది పిస్టల్‌తోపాటు వెనక్కి వంగుతోంది. మణికట్టు గట్టిగా నిలవకపోతే పిస్టల్ పైభాగం పూర్తిగా వెనక్కి రాదు, తర్వాతి తూటా సరిగ్గా ఎక్కదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పే సంగతి అది. చెప్పేది ఓర్విలే. ఆ చేతిని అనుమానించాలని అక్కడ ఎవరికీ తోచలేదు.

"స్ప్రింగు బిగువెక్కువైంది," అంది డార్లా. "నాదే తప్పు. మూడో అవకాశం వద్దు గస్. వచ్చే ఏడాది చూద్దాం."

"చలికాలమంతా గరాజ్‌లోంచి బయటికి రాలేదన్నావ్! స్ప్రింగు చూసుకోలేదా?"

"చూసుకోలేదు."

ఓర్విల్ కూతురి వైపు తిరిగాడు. ఆమె చేసే పని కట్టుడుపళ్ల తయారీ. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచి చేస్తుంది.

"స్ప్రింగు చూసుకోలేదా నువ్వు?"

"లేదు నాన్నా."

"నీకు అబద్ధం రాదమ్మాయ్. మీ అమ్మ పోలిక."

అతను తన కుడిచేతి వేళ్లు ముడిచి, విప్పి చూసుకున్నాడు. తర్వాత మ్యాగజైన్ నింపాడు.

"గస్, మూడోది ఇంకా ఉందిగా?"

"ఉంది. కానీ అమ్మాయి వద్దంటోంది..."

"కాల్చేది నేను. ఇదిగో, అందరూ వినండి! ఇది మా అమ్మాయి చేసింది. దీని స్ప్రింగులో లోపం లేదు. దీంట్లో ఎక్కడా లోపం లేదు."

"నాన్నా, వద్దు."

"చెవులకు పెట్టుకో."

డార్లా చెవులకు రక్షణ పెట్టుకుని, తల దించుకుంది. గుండు పేలింది. ఇంకొకటి. ఇంకొకటి. మధ్యలో ఎక్కడా ఆగలేదు. శబ్దం పోయాక ఆమె తలెత్తింది. పిస్టల్ పైభాగం వెనక్కి తెరుచుకుని నిలిచి ఉంది.

గస్ ఇనుము కోసం కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. బెంచీల మీదివాళ్లు లేచి నిలబడి ఓర్విల్ వైపే చూస్తున్నారు.

అతని ఎడమచెయ్యి జేబులో లేదు. కుడిచేతిని పట్టుకుని ఉంది.